సెలవుల్లో పిల్లకాయలకు మట్టి మీద బండి నేర్పాలంటే

మా ప్రకాశం జిల్లా కొండపి వైపు పదమూడేళ్లు దాటిన పిల్లోడికి మోటారు బండి రాదంటే ఎవరూ నమ్మరు. పొగాకు సీజన్లో ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ కాడున్న నాన్నకు అన్నం క్యారేజీ ఇచ్చొచ్చేది వాడే, సాయంత్రం గడ్డిమోపు వేసుకొచ్చేదీ వాడే. కాబట్టి మీరు వేసవి క్యాంపు పెట్టి, మట్టి మీద బండి తోలడం నేర్పుతామని చెబితే, వచ్చేవాళ్లలో సగం మంది 'నాకొచ్చు మామా' అంటూనే దిగుతారు. మొదటి రోజే మీకు అర్థమయ్యే సంగతి ఒకటుంది. వీళ్లకు కొత్తగా నేర్పాల్సింది తక్కువ, మరిపించాల్సింది ఎక్కువ. ముందు చక్రం వంక చూస్తూ తోలడం, వెనక బ్రేకు ఒక్కటే తొక్కడం, బండి ఊగితే కాళ్లు రెండూ కిందికి వేలాడేయడం, అన్నిటికీ మందు రేజే అనుకోవడం. ఇవన్నీ వాళ్లు ఊరి రోడ్ల మీద తమంతట తాము నేర్చుకున్న విద్యలు.

నాలుగేళ్లుగా మే నెలలో పది రోజుల పాటు ఎనిమిది మందికి మించకుండా నేర్పుతున్నాను. మీ ఊళ్లో మీరూ మొదలుపెట్టాలనుకుంటే ఈ వరసలో వెళ్లండి.

ముందు చట్టం సంగతి

ఇది చివర్లో చూసుకుందాంలే అనుకునే విషయం కాదు. తల్లిదండ్రులను పిలిచి కూర్చోబెట్టి మొట్టమొదట చెప్పాల్సింది ఇదే. 1988 మోటారు వాహనాల చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం 18 ఏళ్లు నిండకుండా బహిరంగ ప్రదేశంలో బండి నడపకూడదు. 50 సీసీ మించని బండికి మాత్రం 16 ఏళ్లు చాలు. 2019 సవరణలో వచ్చిన 199ఏ సెక్షన్ ఇంకా గట్టిది. మైనరు దొరికితే కేసు తండ్రి మీదో బండి యజమాని మీదో పడుతుంది: 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, ఆ బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. పైగా ఆ పిల్లోడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు.

'రోడ్డు మీద కాదుగా, ఏటి ఇసుకలోనేగా' అని ఎవరో ఒకరు అంటారు. చట్టంలో బహిరంగ ప్రదేశం అంటే తారు రోడ్డు ఒక్కటే కాదు, జనానికి వెళ్లే హక్కున్న ప్రతి చోటూ. పెన్నా ఇసుక తిన్నెలు, మైపాడు బీచ్, కొత్తపట్నం బీచ్, నీళ్లెండిన ఊరి చెరువు, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. కాబట్టి సొంత పొలం కావాలి, చుట్టూ కంచె ఉండాలి, గేటుండాలి. బండ్లు అక్కడికి ట్రాలీ ఆటోలో రావాలి, ట్రాలీ ఆటోలోనే పోవాలి. పిల్లలు గేటు దాకా నడిచో, పెద్దవాళ్ల వెనక కూర్చునో వస్తారు. తండ్రి, తల్లి ఇద్దరి చేతా కాగితం మీద సంతకం తీసుకోండి. సంతకం ఉందని బాధ్యత తప్పదు గానీ, ఏం జరుగుతుందో వాళ్లకు తెలిసే పంపారన్న స్పష్టత ఉంటుంది.

నేల ఎంచుకోవడం

రెండెకరాలు చాలు. మా వైపు నేలలన్నీ ఒక్క తీరుగా ఉండవు కాబట్టి తేడా తెలుసుకుని ఎంచుకోండి. గరుసు కలిసిన ఎర్రనేల, కొంచెం వాలు, ఒక మూల ఇసుక ఉంటే అంతకన్నా ఏమీ అక్కర్లేదు. ఇసుక లేకపోతే రెండు ట్రాక్టర్లు తోలించి పదిహేను అడుగుల పట్టీగా పరిపించుకోవచ్చు.

నల్లరేగడి వద్దు. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్న పాఠం. మొదటి ఏడాది మాకు తెలిసినాయన శనగ తీసేసిన చేను ఇస్తానంటే సంబరంగా ఒప్పుకున్నా. చూడ్డానికి బల్లలా చదునుగా ఉంది. మే నెలకు నల్లరేగడి అరచేయి పట్టేంత నెర్రెలు విచ్చుకుని ఉంటుందని ఈ ప్రాంతంలో పుట్టిన నాకు తెలియదా? తెలుసు. బండి కళ్లతో చూడలేదంతే. మూడో రోజు ఒక పిల్లోడి ముందు చక్రం నెర్రె వెంబడే దిగి, పట్టాలెక్కిన రైలులా నేరుగా పోయింది. వాడు హ్యాండిల్ తిప్పాలని చూశాడు, అది తిరగలేదు. మణికట్టు ఎముక చిట్లింది. వాళ్లమ్మ నన్నేమీ అనలేదు. తిట్టుంటే బాగుండేది.

జామాయిల్ కొట్టేసిన తోటా వద్దు. మొద్దులు జానెడు ఎత్తున గడ్డిలో దాక్కుని ఉంటాయి. సర్కారు తుమ్మ ఉన్న చోటైతే కంప తీయించడమే కాదు, నేల మీద రాలిన ముళ్లు ఊడిపించాలి. లేదంటే రోజుకు నాలుగు పంక్చర్లు, మీరు గురువు కాస్తా పంక్చర్ షాపు అవుతారు.

నేల కుదిరాక చేతిలో పలుగు పట్టుకుని మూల మూలా నడవండి. వాడని బోరు గుంతలు, గట్టు లేని పాత బావి, డ్రిప్పు పైపులు, కంచె తీగ ముక్కలు చూడండి. అన్నిటికన్నా ప్రమాదమైనది కరెంటు స్తంభానికి వాలుగా కట్టిన స్టే వైరు. ఎండలో అది కంటికి ఆనదు, సరిగ్గా మెడ ఎత్తున ఉంటుంది. దానికి పై నుంచి కింద దాకా ఎర్రగుడ్డ చుట్టి, చుట్టుపక్కల పది అడుగులు రాళ్లు పేర్చి ఎవరూ పోకుండా చేయండి.

నీడకు మా దగ్గర ఖాళీ బ్యారన్ పక్కనుండే షెడ్డు వాడుతున్నాం. పొగాకు క్యూరింగు మే నాటికి అయిపోయి ఉంటుంది, అడిగితే ఇస్తారు. కొంచెం ఘాటు వాసన ఉంటుంది, రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

ఏ బండి, ఏ తొడుగు

కొత్త బండ్లు కొనాల్సిన పని లేదు. మొదటి రెండు రోజులకు టీవీఎస్ ఎక్సెల్ 100ని మించింది లేదంటాను, నవ్వుకున్నా సరే. గేర్ల గోల లేదు, బరువు తక్కువ, చూపూ బ్యాలెన్సూ మాత్రమే నేర్పొచ్చు. ఆ తర్వాత పాత స్ప్లెండర్. అద్దాలు, శారీగార్డు, ఇండికేటర్లు తీసేయించండి. సైడ్ స్టాండు దానంతటది పడకుండా పాత ట్యూబు ముక్కతో బిగించి కట్టండి. మెకానిక్ చేత రేజు సగానికి మించి తిరగకుండా అడ్డు పెట్టించండి. డబ్బులున్న క్యాంపులు కవాసాకీ కేఎల్ఎక్స్ 110 లాంటివి వాడతాయి. 112 సీసీ, సీటు ఎత్తు 680 మిల్లీమీటర్లు, అచ్చంగా పిల్లల కోసం చేసిన బండి. హీరో ఎక్స్‌పల్స్ మట్టికి మంచి బండే. కానీ సీటు 820 మిల్లీమీటర్ల పైన, బరువు 150 కిలోల పైన. పదిహేనేళ్ల పిల్లోడు ఎంత బతిమాలినా ఇవ్వకండి. బండి సరిపోతుందో లేదో చెప్పేది వయసు కాదు. రెండు పాదాల ముందు భాగం నేలకు ఆనాలి, పడేసిన బండిని వాడే లేపాలి.

టైరు గాలి దగ్గర తొందరపడొద్దు. రోడ్డు మీద ముందు 25, వెనక 28 ఉంచే స్ప్లెండర్‌కు మట్టిలో 18, 20 చాలు, ఇసుకలో 15. పట్టు ఇంకా బాగుంటుంది కదా అని ఓసారి నేను 10కి దించా. టైరు రిమ్ము మీద జారి, ట్యూబు వాల్వు మొదలు దగ్గర తెగి, మిట్టమధ్యాహ్నం బండి తోసుకుంటూ వచ్చా.

హెల్మెట్ మొహమంతా కప్పేది, ఐఎస్ఐ ముద్రతో ఐఎస్ 4151 అని ఉన్నది కావాలి. బకిల్ పెట్టాక వెనక నుంచి పైకి ఎత్తి చూడండి, తలతో పాటు కదలాలి గానీ ఊడి రాకూడదు. అన్న హెల్మెట్ తమ్ముడికి పెడితే అది తలకు బోర్లించిన బిందెతో సమానం. మోకాలికి, మోచేతికి గార్డులు, గ్లౌజులు, జీన్సు, చీలమండ కప్పే బూట్లు తప్పనిసరి. పొద్దున్నే బూట్లు తొడిగే ముందు తిరగేసి దులపమనండి. పొలం షెడ్డులో రాత్రంతా ఉన్న బూటులో తేలు ఉండటం మా దగ్గర వింత కాదు.

ఎండ

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ప్రకాశం, నెల్లూరు ఎండ 44, 45 డిగ్రీలకు పోయే రోజులుంటాయి. హెల్మెట్, గార్డులు వేసుకున్న పిల్లోడికి అది ఇంకా ఎక్కువ. అందుకే పొద్దున అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం అయిదు నుంచి ఆరున్నర, అంతే. మధ్యాహ్నం నీడలో మెకానిక్ పనులు: చెయిన్ బిగించడం, ఎయిర్ ఫిల్టర్ దులపడం, క్లచ్ వైరు మార్చడం. కుదిరితే మే 25కి, అంటే రోహిణి మొదలయ్యేలోపే క్యాంపు ముగించండి. ప్రతి ఇరవై నిమిషాలకూ ఉప్పేసిన మజ్జిగో, ఓఆర్ఎస్సో ఇవ్వండి, దాహం వేసిందా అని అడక్కండి. తాటిముంజలు పిల్లల్ని నీడలో కూర్చోబెట్టడానికి మంచి ఉపాయం. ఎవరైనా తడబడుతూ మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా బండి సంగతి వదిలేసి నీడకు చేర్చండి. తడిగుడ్డలు కప్పి, మెడకు, చంకల్లో ఐసు పెట్టి 108కి ఫోన్ చేయండి. తల నేలకు తగిలేలా పడినవాడు వాంతి చేసుకున్నా, అడిగిందే అడుగుతున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. బాగానే ఉన్నానని వాడే చెప్పినా ఆ రోజుకు బండి ఎక్కనివ్వకండి, డాక్టరుకు చూపించండి.

మొదటి రోజు ఇంజను స్టార్ట్ చేయొద్దు

తాళాలు మీ జేబులో ఉండాలి. పిల్లలు బండి తోసుకుంటూ రెండు చుట్లు తిరగాలి, ఎడమ పక్క నుంచి ఒకటి, కుడి పక్క నుంచి ఒకటి. బరువు ఎటు లాగుతుందో ఒళ్లుకు తెలియడానికి. తర్వాత బండిని కావాలని పడుకోబెట్టి లేపించండి. వీపు బండి సీటుకు ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక పట్టుకుని, నడుముతో కాకుండా తొడల బలంతో వెనక్కి అడుగులేస్తూ లేపాలి. బస్తా ఎత్తే ఇళ్ల పిల్లలకు ఇది వెంటనే పట్టుబడుతుంది. గేరులో పెట్టి లేపితే బండి జారిపోదని రెండోసారికి వాళ్లే కనిపెడతారు.

పడటం కూడా చెప్పాలి. బండి పోతుంటే పోనీ. చేయి చాపి నేలను ఆపాలని చూస్తే మణికట్టు పోతుంది, కాలు చాపితే మోకాలు పోతుంది. హ్యాండిల్ వదిలి, చేతులు గుండెలకు దగ్గరగా తీసుకుని దొర్లాలి. షెడ్డులో వరిగడ్డి పరిచి దీన్ని ఆటలాగా ఆడించండి.

నిలబడటం

మట్టి మీద సీటు కూర్చోవడానికి కాదు. ఫుట్‌రెస్టుల మీద పాదం మధ్య భాగం ఉంచి లేచి, మోకాళ్లు కొంచెం వంచి, వాటితో ట్యాంకును పట్టుకోవాలి. మోచేతులు బయటికి, గడ్డం హ్యాండిల్ పైకి, చూపు పది పన్నెండు అడుగుల ముందుకు కాదు, యాభై అడుగుల ముందుకు. చేతుల్లో బిగువు ఉండకూడదు. ఉందో లేదో తెలుసుకోవడానికి నేనొక పని చేస్తా. బండి స్టాండు మీద ఉండగా వాణ్ని నిలబెట్టి, మోచేతిని వేలితో నెడతా. చేయి కొమ్మలా ఊగితే సరే, గుంజలా ఉంటే మళ్లీ మొదటికి.

చూపు మాట పదిసార్లు చెప్పినా తలకెక్కదు. మా దగ్గర ఒకడు రాయిని తప్పించాలని రాయినే చూసేవాడు, నేరుగా వెళ్లి దాన్నే ఎక్కేవాడు. మూడోసారి లేచి, దుమ్ము దులుపుకుంటూ, 'అది నా కోసమే అక్కడుంది మామా' అన్నాడు. కంచె గుంజకు ఎర్ర తువ్వాలు కట్టి, దాన్ని చూస్తూ రమ్మన్నా. రాయి పక్కగా వచ్చేశాడు, అది ఎప్పుడు దాటిందో కూడా వాడికి తెలియదు.

నిదానం పందెం

క్యాంపు మొత్తానికి ఇదొక్కటే నేర్పే టైముందన్నా చాలు. ముగ్గుపిండితో పదిహేను మీటర్ల దూరంలో రెండు గీతలు గీయండి, మధ్యలో రెండడుగుల వెడల్పు దారి. కాలు కింద పెట్టకుండా, దారి దాటకుండా ఎవరు ఆఖరున చేరితే వాళ్లే గెలిచినట్టు. మొదటి గేరు, రేజు ఒకే రకంగా, క్లచ్ సగం, వెనక బ్రేకు మీద పాదం తగిలీ తగలకుండా.

కిందటేడు పందెంలో, అన్న ఆర్ఎక్స్ 100 మీద ఊరంతా తిరిగొచ్చినవాడు ఏడు సెకన్లలో అవతల ఉన్నాడు, అదీ మూడుసార్లు కాలు పెట్టి. ఎనిమిదో తరగతి అమ్మాయి, రెండు రోజుల ముందు దాకా సైకిల్ తప్ప ఎరగదు, ముప్ఫై రెండు సెకన్లు తీసుకుంది. పెదవి కరచుకుని, క్లచ్ లివరు మీద రెండు వేళ్లు మాత్రమే ఉంచి, వేలి వెడల్పు కూడా కదలకుండా ఆడిస్తూ వచ్చింది. ఇంజను ఆగిపోబోతున్నట్టు గుక్కపెడుతుంది, ఆమె వేళ్లు కొంచెం లోపలికి లాగుతాయి, మళ్లీ ఊపిరి తీసుకుంటుంది. వాడు ఆ సాయంత్రం మాట్లాడలేదు. మర్నాడు అయిదింటికే వచ్చి గేటు దగ్గర కూర్చున్నాడు. ఆడపిల్లకెందుకు ఇదంతా అని పెద్దవాళ్లెవరైనా గొణిగితే, 2019లో బాహాల, అంటే మట్టి దారుల ర్యాలీల, ప్రపంచ కప్ మహిళల విభాగం గెలిచింది బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే అని చెప్పండి. మగపిల్లలకైతే ఎడారిలో జరిగే డాకర్ ర్యాలీలో 2024లో ర్యాలీ 2 తరగతి గెలిచిన కేరళ కుర్రాడు హరిత్ నోవా పేరు చాలు.

క్లచ్ గురించి చెప్పేటప్పుడు నేను ఒంగోలు గిత్తల్నే తెస్తా. బండలాగుడు పోటీలో గిత్తలు ఎగిరి గుంజితే గిట్టలు జారతాయి, బండ కదలదు. మెడ వంచి, కాళ్లు పాతుకుని, బలాన్ని కొంచెం కొంచెంగా కాడి మీదికి తెచ్చిన జతే లాగుతుంది. వెనక చక్రానికీ మట్టికీ మధ్య జరిగేదీ అదే. కాడి బదులు క్లచ్. ఇది విన్నాక ఇంకేమీ వివరించాల్సిన అవసరం రాదు. పది నిమిషాలకోసారి బండి ఆపించండి, లేకపోతే క్లచ్ ప్లేట్లు మాడిన వాసన వస్తుంది.

బ్రేకు

ఊళ్లో పిల్లలకు ముందు బ్రేకంటే భయం, 'పడేస్తుంది' అని ఎవరో చెప్పి ఉంటారు. పడేసేది బ్రేకు కాదు, ఒక్కసారిగా గుంజడం. గరుసు నేల మీద మూడు దఫాలు ఆపించండి: వెనక బ్రేకుతో మాత్రమే, ముందు బ్రేకుతో మాత్రమే నెమ్మదిగా, రెండూ కలిపి. మూడు చోట్లా సున్నంతో గుర్తు పెట్టి అడుగులతో కొలిపించండి. కొలత వాళ్లే చూశాక మీ ఉపన్యాసం అక్కర్లేదు. వెనక చక్రం కావాలని జారనిచ్చి, బ్రేకు వదిలి, మళ్లీ నిలదొక్కుకోవడం కూడా చేయించండి. ఇది వాళ్లకు మహా ఇష్టం, మానమన్నా మానరు.

మలుపు సంగతి క్లుప్తంగా: బండి వంగుతుంది, మనిషి నిటారుగా ఉంటాడు, బరువు బయటి వైపు ఫుట్‌రెస్టు మీద. నాలుగు పాత టైర్లు పెట్టి ఎనిమిది అంకెలా తిప్పిస్తే రెండు పూటల్లో వచ్చేస్తుంది.

ఇసుక

గొప్పలన్నీ రాలేది ఇక్కడే. రెండో గేరు, నిలబడి, బరువు కొంచెం వెనక్కి, రేజు తగ్గించకుండా. హ్యాండిల్ అటూ ఇటూ ఆడుతుంది, ఆడనివ్వాలి. దాన్ని బిగబట్టినవాడే పడతాడు. ఆగాలంటే ముందు బ్రేకు ముట్టుకోకూడదు, రేజు వదిలితే ఇసుకే ఆపుతుంది.

వెనక చక్రం కూరుకుపోతే ప్రతివాడూ చేసేది ఒకటే, ఇంకా రేజు చేయడం. చక్రం ఇరుసు దాకా దిగుతుంది. తాళం తిప్పి ఇంజను ఆపించండి. బండిని పక్కకు పడుకోబెట్టించండి. చక్రం తవ్విన గుంట పక్కనే నోరు తెరుచుకుని ఉంటుంది, దాన్ని కాళ్లతో ఇసుక తోసి పూడ్చమనండి. బండి లేపితే చక్రం ఇప్పుడు చదును మీద ఉంటుంది. స్టార్ట్ చేసి, రెండో గేరులో, పక్కన నడుస్తూ బయటికి తేవాలి. అరగంట నెట్టినా రాని బండి రెండు నిమిషాల్లో వస్తుంది.

వాలు

ఎనిమిదో రోజుకు ముందు వద్దు, మనిషి ఎత్తుకు మించిన గట్టు వద్దు, ఎక్సెల్‌తో అసలే వద్దు. ఇంజను ఆగితే దాని క్లచ్ విడిపోతుంది, గేరు బండిలా పట్టి ఉంచదు. ఎక్కేటప్పుడు వేగం కిందే అందుకోవాలి, ఒళ్లు ముందుకు. మధ్యలో ఆగిపోతే క్లచ్ పట్టుకుంటే బండి వెనక్కి దొర్లుతుంది. ముందు బ్రేకు నొక్కి, క్లచ్ వదిలేయమనండి. ఇంజను ఆగి ఉంది కాబట్టి గేరే వెనక చక్రాన్ని పట్టుకుంటుంది. అప్పుడు బండిని పై వైపుకు వాల్చి పడుకోబెట్టి, ముందు చక్రం కిందికి తిప్పుకుని దిగాలి. దిగేటప్పుడు మొదటి గేరు, క్లచ్ ముట్టుకోకుండా, ఒళ్లు వెనక్కి. ఎక్కడం కన్నా ముందు ఈ ఆగిపోవడాన్నే నేర్పండి. నేను గట్టు మధ్యలో నిలబడి, చేయెత్తి కావాలని ఆపిస్తా.

ఎప్పుడూ ఒకే దిక్కు, ఒకసారి రెండు బండ్లే. మిగతావాళ్లు ఊరికే కూర్చోకుండా తోలేవాడి తప్పులు లెక్కపెట్టాలి. నలుగురికి ఒక పెద్దమనిషి ఉండాలి, ఫోన్ చూడని పెద్దమనిషి.

పదో రోజు తల్లిదండ్రులను పిలవండి గానీ వేగం పందెం పెట్టకండి, ఎంత అడిగినా. నిదానం పందెం పెట్టి, అందులోకి నాన్నల్నీ దింపండి. ఆ నవ్వులు ఊళ్లో నెల రోజులు ఉంటాయి. అయ్యాక బండ్లు కడిగించి, ఎయిర్ ఫిల్టర్లు మార్చి, అద్దాలూ ఇండికేటర్లూ బిగించి, టైర్లలో గాలి మళ్లీ రోడ్డు లెక్కకు ఎక్కించి ట్రాలీ ఆటోకి కట్టండి. ముఖ్యంగా ఆ ఎక్సెల్‌కు. తెల్లారి నాలుగింటికల్లా దాని మీద పాల క్యాన్లు పోవాలి.